అలిపిరి మెట్ల దారిలో ఒక్కరే నడుస్తున్నారా? చిరుత, ఎలుగు, పాము ఎదురైతే ఏం చేయాలి

[దృశ్యం: ఉదయం వెలుతురులో పాదాల మండపం. నెత్తిన సంచి పెట్టుకుని మెట్లెక్కుతున్న భక్తులు.]

అందరికీ నమస్కారం. అలిపిరి పాదాల మండపం దగ్గర మొదలుపెడితే తిరుమల చేరేసరికి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. మామూలుగా నడిచేవాళ్లకి మూడు నాలుగు గంటల పని. మనకిది మొక్కు తీర్చుకునే దారి. ఆ దారి మాత్రం నేరుగా శేషాచలం అడవిలోంచి పోతుంది. ఈ కొండల్లో 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఏర్పాటైంది. 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ఎర్రచందనం తనంతట తాను పెరిగే కొద్దిపాటి చోట్లలో ఇదొకటి. చిరుతపులి, ఎలుగుబంటి, కణుజు (సాంబర్ జింక), చుక్కల జింక, అడవిపంది, బెట్లుడుత (పెద్ద అడవి ఉడుత), దేవాంగపిల్లి (స్లెండర్ లోరిస్), అన్నీ ఇక్కడ ఉన్నాయి.

పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలనుకుని, తోడు లేకుండా ఒక్కరే మెట్లెక్కేవాళ్ల కోసం ఈ వీడియో. మీకు దారిలో ఏవి ఎదురుకావచ్చు, ఏది ఎదురైతే ఎలా మసలుకోవాలి అన్నదే ఇందులో విషయం. ముందే ఒక మాట చెప్పాలి. "జంతువు కనిపిస్తే కదలకుండా నిలబడండి" అని అందరూ చెప్పే ఒక్క సలహా అన్నిటికీ సరిపోదు. చిరుత ముందు చేయాల్సింది ఎలుగు ముందు చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. తేనెటీగల దగ్గర చేయాల్సింది చిరుత దగ్గర చేసినా అంతే.

[దృశ్యం: గాలిగోపురం దాటాక, రెండు వైపులా చెట్లున్న చదునైన దారి. ఒక్క మనిషి, ఉత్త కాళ్లు.]

ఒంటరిగా నడవడంలో తేడా ఎక్కడుందో ముందు చూద్దాం. పదిమంది కలిసి వెళ్తుంటే మాటలు, నవ్వులు, పిల్లల ఏడుపులు, పెద్దవాళ్ల ఆయాసం ఉంటాయి. మనం వస్తున్నామని అడవికి చాలా ముందే తెలిసిపోతుంది. మృగాలు మనకి కనపడకముందే పక్కకి తప్పుకుంటాయి. ఒక్కరే వెళ్లేటప్పుడు ఆ చప్పుడుండదు. పైగా మనం నడిచేది చెప్పులు లేకుండా, రాతి మెట్ల మీద. అడుగు వినపడదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు కూడా ఉన్నాయంటే మన రాక వాటికి తెలియదు, వాటి ఉనికి మనకి తెలియదు. ప్రమాదాలు చాలావరకు ఇలా ఒకరినొకరు చూసుకోకుండా అతి దగ్గరగా ఎదురుపడ్డప్పుడే జరుగుతాయి.

దీనికి మన పెద్దవాళ్లు వాడిన మందు "గోవిందా... గోవింద!". నేను భక్తి గురించే చెప్పడం లేదు. గొంతెత్తి గోవింద నామం చెప్పుకుంటూ ఎక్కే మనిషి వస్తున్నట్టు అరణ్యమంతా వింటుంది. ఒక్కరే ఉన్నామని మొహమాటపడి లోలోపల అనుకోకండి. ముఖ్యంగా మలుపుల దగ్గర, దట్టమైన పొదలున్న చోట పైకే అనండి. ఇయర్‌ఫోన్లు సంచిలో పెట్టేయండి.

[తెర మీద: చిరుతపులి]

ఇప్పుడు అందరూ అడిగే విషయానికి వద్దాం. 2023 జూన్‌లో ఇదే దారిలో మూడేళ్ల బాబుని చిరుత పట్టుకుంది. జనం కేకలు వేస్తూ వెంటపడేసరికి వదిలేసి పోయింది, బిడ్డ బతికాడు. అదే ఏడాది ఆగస్టులో నరసింహస్వామి గుడి పరిసరాల్లో ఆరేళ్ల పాప చిరుత దాడిలో చనిపోయింది. ఆ తల్లిదండ్రుల బాధ తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆ తర్వాత బోన్లు పెట్టి కొన్ని చిరుతల్ని పట్టారు. మధ్యాహ్నం 2 గంటలు దాటాక చిన్నపిల్లల్ని నడకదారిలోకి రానివ్వకుండా ఆంక్షలు పెట్టారు. భక్తులకి చేతికర్రలిచ్చారు.

ఈ రెండు ఘటనల్లో రెండు విషయాలు గమనించండి. రెండూ చీకటి పడ్డాక జరిగాయి. రెండింట్లోనూ చిరుత పట్టింది చిన్నపిల్లల్ని. చిరుత పొంచి ఉండి, ఎక్కువగా వెనకనుంచో పక్కనుంచో దూకే జంతువు. తనకి అలవాటైన ఆహారం జింక పిల్ల, అడవిపంది పిల్ల, కుక్క. అంటే నేలకి దగ్గరగా ఉండే ప్రాణులు. నిటారుగా నిలబడ్డ పెద్ద మనిషి దాని లెక్కలో వేటాడే వస్తువు కాదు. అదే మనిషి కూర్చుంటే, వంగితే, ఎత్తు సగమైపోతుంది.

అందుకే ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఇది ప్రత్యేకంగా చెప్తున్నాను. మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెడతామని మొక్కుకుంటారు కదా. అలా మొక్కుకున్నవాళ్లు గంటల తరబడి వంగే ఉంటారు, చూపు రాతి మీదే ఉంటుంది. ఆ మొక్కుని పొద్దున్నే, జనం ఉన్నప్పుడే మొదలుపెట్టండి, తోడుగా ఎవరైనా వెనక నిలబడేలా చూసుకోండి. సాయంత్రం పూట ఒక్కరే చేయొద్దు. అలసిపోయి కూర్చోవాలంటే వీపు గోడకో స్తంభానికో ఆనించి కూర్చోండి. పక్కనున్న పొదల్లోకి ఒంటికి వెళ్లొద్దు. దారిలో మరుగుదొడ్లున్నాయి, అక్కడికే వెళ్లండి.

సరే, చిరుత కనపడింది. ఏం చేయాలి? పరిగెత్తొద్దు. వీపు చూపించొద్దు. వంగి రాయి తీయొద్దు. కండువానో తువ్వాలునో రెండు చేతులతో తలపైకి చాపి మీ ఆకారం పెద్దగా కనపడేలా చేయండి. దాని వైపే చూస్తూ, గట్టిగా అరుస్తూ, ఒక్కొక్క అడుగు వెనక్కి వేయండి. దానికి తప్పించుకునే దారి వదలండి. చాలావరకు అదే తప్పుకుంటుంది. ఒకవేళ మీద పడితే మాత్రం ఎదురు తిరగాలి. కర్రతో, సంచితో, దేనితోనైనా కళ్లు, ముక్కు చూసి కొట్టాలి. లొంగి పడిపోకూడదు.

కర్రలిచ్చినప్పుడు "దీంతో పులిని కొడతామా" అని చాలామంది ఎగతాళి చేశారు. నాకు ఆ మాట నచ్చలేదు. కర్ర చేతిలో ఉన్న మనిషి నిటారుగా నడుస్తాడు, నేల మీద తాటిస్తూ చప్పుడు చేస్తాడు, ఆకుల మాటునున్న పాముకి హెచ్చరిక ఇస్తాడు. కర్ర వల్ల వచ్చే అసలు లాభం ఇదే.

[తెర మీద: ఎలుగుబంటి]

నన్నడిగితే శేషాచలంలో ఒంటరి మనిషి ఎక్కువ జాగ్రత్తపడాల్సింది ఎలుగు విషయంలోనే. చిరుత మనల్ని చూసి తప్పుకుంటుంది. ఎలుగు మనల్ని చూడదు. దాని చూపు అంతంతమాత్రం, వినికిడీ గొప్పది కాదు. ముక్కు మాత్రం మహా చురుకు. గాలి మన వైపు నుంచి దాని వైపు వీచకపోతే అడుగుల దూరం వచ్చేదాకా మనం వస్తున్నట్టే తెలియదు. తెలిసిన మరుక్షణం బెదిరిపోయి మీద పడుతుంది.

[దగ్గరి దృశ్యం: తవ్వి పోసిన చెదపుట్ట, ఎర్రమట్టి మీద సమాంతరంగా పొడుగాటి గోళ్ల గీతలు.]

ఈ పుట్టని చూడండి. పైభాగం పగిలి మట్టి కిందికి జారింది. పగిలిన చోట మట్టి ఇంకా తడిగా, ముదురు రంగులో ఉంది. అంచున చెదలు ఇంకా తిరుగుతున్నాయి. అంటే ఎలుగు ఇక్కడినుంచి వెళ్లి ఎంతోసేపు కాలేదు. ఎలుగు ముందుకాళ్ల గోళ్లు వేలంత పొడుగుంటాయి. వాటితో పుట్టని చీల్చి, మూతి లోపలికి దూర్చి, మట్టిని ఊది, చెదల్ని గాలితో సహా లోపలికి పీలుస్తుంది. ఆ పీల్చే చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. ఆ హోరులో దానికి మన అడుగు అసలే వినపడదు. దారి పక్కన ఇలాంటి తాజా పుట్ట గానీ, నేరేడు, రేగు గింజలున్న పేడ గానీ కనిపిస్తే అక్కడ ఆగి ఫొటోలు తీయడం మానేసి, గట్టిగా మాట్లాడుకుంటూ ముందుకి సాగండి. వెనకాల ఎవరైనా వస్తుంటే వాళ్ల కోసం ఆగి కలిసి వెళ్లడం ఇంకా మంచిది.

దూరంగా ఎలుగు కనపడి, అది మిమ్మల్ని చూడకపోతే, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి వెళ్లండి. అది రెండు కాళ్ల మీద లేచి నిలబడితే భయపడకండి, అది దాడి కాదు. సరిగ్గా కనపడక, వాసన పట్టడానికి లేస్తుంది. నెమ్మదిగా, మామూలు గొంతుతో మాట్లాడుతూ వెనక్కి జరగండి. తల్లి వీపు మీద పిల్లలు కూర్చుని ఉండొచ్చు, పిల్లల్ని అలా మోసుకెళ్లడం ఈ జాతికి అలవాటు. పిల్లలున్న తల్లికి మరింత దూరంగా ఉండాలి. చెట్టెక్కి తప్పించుకోవచ్చు అనుకోకండి, అదీ ఎక్కుతుంది. పరిగెత్తి గెలవలేరు. మీద పడి మీకు దెబ్బ తగిలేదాకా వస్తే బోర్లా పడుకుని, చేతులు మెడ వెనక గట్టిగా కట్టి, మొహం నేలకి ఆనించండి. వీపున సంచి ఉంటే తీయకండి, అదే కవచం. ఎలుగు ఎక్కువగా మొహాన్ని, తలని గాయపరుస్తుంది. బెదురు పోగానే వదిలి వెళ్లిపోతుంది. అది దూరం పోయిందని నమ్మకం కుదిరేదాకా లేవొద్దు. చిరుతకి ఎదురు తిరగాలి, ఎలుగుకి బోర్లా పడుకోవాలి. ఈ తేడా మాత్రం తలలో పెట్టుకోండి.

[దృశ్యం: జింకల మంద. ఒక్కసారిగా అన్ని తలలూ ఒకే వైపు తిరుగుతాయి.]

చిరుత వస్తోందని మనకంటే ముందు తెలిసేది వీటికే. చుక్కల జింక మేత ఆపి, తోక పైకెత్తి, ముందుకాలు నేలకేసి కొడుతూ తీక్షణంగా అరిచిందంటే ఏదో కనపడిందన్నమాట. చెట్టు మీద కొండముచ్చు దగ్గినట్టు ఖక్... ఖక్ అని ఆపకుండా అరుస్తుంది. కణుజు అరుపు బొంగురుగా, ఆగి ఆగి వస్తుంది. ఒక్కసారి అరిచి ఊరుకుంటే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. అదేపనిగా అరుస్తూ, అన్నీ ఒకే వైపు చూస్తుంటే అక్కడే ఆగిపోయి, వెనకనుంచి నలుగురు వచ్చాకే కదలండి. ఈ అరుపులు గుర్తుపట్టడం మొదలయ్యాక నడకలో రుచే వేరు. అడవి మనతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

[తెర మీద: పాములు]

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. మన దేశంలో పాముకాటు మరణాల్లో ఎక్కువ ఈ నాలుగింటి వల్లే. మనం వాడే విషవిరుగుడు సూది కూడా ఈ నాలుగింటికీ పనిచేసేలా తయారైందే. రక్తపింజర ఎండుటాకుల్లో కదలకుండా పడుకుంటుంది. బెదిరిస్తే వచ్చే బుస ప్రెషర్ కుక్కర్ ఆవిరిలా ఉంటుంది. ఆ శబ్దం వింటే ముందు కదలిక ఆపండి, అది ఎక్కడుందో చూశాకే అడుగు వేయండి. రాళ్ల సందుల్లో చేతులు పెట్టొద్దు. వెలుతురు తగ్గితే టార్చి వెలిగించండి.

కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, ఇవేవీ చేయొద్దు. ఉంగరం, గాజులు, కాలి పట్టీలు వెంటనే తీసేయండి, వాపు వస్తే ఇక రావు. ఒక్కరే ఉన్నారు కదా అని కిందికి పరుగు పెట్టొద్దు. కూర్చుని గట్టిగా కేకేయండి, 108కి ఫోన్ చేయండి, కాటు పడిన సమయం గుర్తుపెట్టుకోండి. విజిల్ ఉంటే ఆగి ఆగి మూడేసి సార్లు ఊదండి. పామును పట్టుకోవాలని, చంపాలని చూడొద్దు.

[దృశ్యం: మెట్ల మీద కోతులు. ఒకటి కవర్ లాక్కుంటుంది.]

కోతుల గురించి క్లుప్తంగా చెప్తాను. చేతిలో కవర్ కనపడితే అది తినేదే అని వాటికి నమ్మకం. తిండంతా సంచి లోపల పెట్టండి. కోతి పళ్లు చూపిస్తే నవ్వకండి, మన నవ్వు దానికి బెదిరింపులా కనపడుతుంది. లాక్కుంటే వదిలేయండి. కరిచినా, గీరినా 15 నిమిషాలు సబ్బుతో, పారే నీళ్లతో కడిగి, ఆ రోజే రేబిస్ టీకా వేయించుకోండి.

పరిగెత్తాల్సింది ఒకే ఒక్క దాని నుంచి, కొండ తేనెటీగల నుంచి. అవి లేస్తే తల, మొహం కప్పుకుని ఆగకుండా పరిగెత్తి ఏదైనా గదిలోకో దుకాణంలోకో దూరండి. ఏనుగులు మెట్ల మీద అరుదు, కానీ శేషాచలంలో ఉన్నాయి. వాటిని చూసి అరవొద్దు, ఫ్లాష్ వేయొద్దు. చప్పుడు లేకుండా, వీలైనంత దూరంగా వెళ్లిపోండి.

[దృశ్యం: దారి పక్కన కీరదోస ముక్కలు, ప్లాస్టిక్ పళ్లేలు. వాటి చుట్టూ వీధికుక్కలు.]

ఇక్కడ నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను. జింకలకి కీరదోస ముక్కలు పెట్టి ఫొటో దిగడం ప్రేమ కాదు. మనం పెట్టేదాని కోసం జింకలు దారి పక్కనే ఉండిపోతాయి. మనం పారేసే అన్నం కోసం కుక్కలు, అడవిపందులు చేరతాయి. వీటి కోసం చిరుత వస్తుంది. అది మనిషి కోసం రాలేదు. మనం వడ్డించిన విస్తరి దగ్గరికి వచ్చింది. ఆ సమయానికి అటుగా ఒక చిన్నపిల్ల నడుస్తూ ఉంటుంది. తెచ్చిన తిండి మీరే తినండి, మిగిలింది తిరుమల దాకా మోసుకెళ్లి చెత్తబుట్టలో వేయండి.

బయల్దేరే ముందు మూడు పనులు చేయండి. ఉదయం 6 ప్రాంతంలో మొదలుపెట్టండి, చీకటి పడేలోపు నడక ముగిసేలా చూసుకోండి. వేళలు, ఆంక్షలు మారుతుంటాయి కాబట్టి ఆ రోజు ఏమున్నాయో దేవస్థానం ప్రకటనల్లో చూసుకోండి. ఇంట్లో ఒకరికి మీ దారి, చేరే సమయం చెప్పండి. మెట్లు వదిలి అడవిలోకి ఒక్క అడుగు కూడా వేయొద్దు, అది చట్టప్రకారం నేరం కూడా. ఇంకా లోపలి అడవి చూడాలని ఉంటే తలకోన, మామండూరు లాంటి చోట్లకి అటవీశాఖ అనుమతితో, స్థానిక గైడుతో వెళ్లండి.

దారిలో చిరుతో ఎలుగో కనపడితే వీడియోని స్టేటస్‌లో పెట్టడం తర్వాత. ముందు దగ్గర్లోని భద్రతా సిబ్బందికి ఏ మండపం, ఏ దుకాణం దగ్గర, ఎన్ని గంటలకి, ఏ వైపు వెళ్లిందో చెప్పండి. ఎదురొచ్చేవాళ్లలో పిల్లలున్నవాళ్లని ఆపి చెప్పండి, చెయ్యి పట్టుకుని నడవమనండి.