గీత కదలాలి, కొలబద్ద కదలకూడదు

మిత్రులారా, తెర మీద కదులుతున్న ఈ గీతను చూడండి. బల్ల మీది గ్లాసు నీళ్లలో డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సర్ ఉంది. ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డు ద్వారా సెకనుకొక రీడింగు వస్తోంది, పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ దాన్ని గీస్తోంది. గీత కొండలెక్కి లోయల్లోకి దిగుతోంది కదా! నీళ్లలో మాత్రం ఏ మార్పూ లేదు. నిలువు అక్షం మీది అంకెలు చదవండి: 28.43 నుంచి 28.57 దాకా. ఈ సెన్సర్ చూపగల అతి చిన్న మెట్టు 0.0625 డిగ్రీలు. ఆ మెట్టు ఎక్కి దిగడాన్నే ఆటోస్కేల్, అంటే వచ్చిన డేటాను బట్టి అక్షం హద్దులను తనే మార్చుకునే పద్ధతి, తెర నిండా పరిచింది.

ఇప్పుడు తీగ ఊడదీస్తున్నాను. సెన్సర్ దొరకకపోతే ఆర్డుయినోలో మేం వాడే లైబ్రరీ, అంటే సెన్సర్‌ను చదివే రెడీమేడ్ కోడ్, మైనస్ 127 అని పంపుతుంది. ఆ ఒక్క అంకె కోసం అక్షం అంత కిందికి సాగింది, అసలు గీత పైన బల్లపరుపుగా అతుక్కుపోయింది. ఇక నీళ్లు రెండు డిగ్రీలు వేడెక్కినా ఎవరి కంటా పడదు.

అందుకే హద్దులను డేటాకు వదిలేయకండి, కొలుస్తున్న వస్తువును బట్టి మీరే పెట్టండి. గ్లాసు నీళ్లకు 0 నుంచి 100, జ్వరానికి 35 నుంచి 42. ఈసీజీ కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు నడుస్తుంది, మిల్లీవోల్టుకు 10 మిల్లీమీటర్లు లేస్తుంది. ఆ కొలత మారదు కాబట్టే డాక్టరు గళ్లు లెక్కపెట్టి గుండెను చదవగలుగుతున్నారు.

కోడ్‌లో నిలువు అక్షం హద్దులు పెట్టే సెట్_వైలిమ్‌ను, రీడింగు వచ్చిన ప్రతిసారీ నడిచే లూపు బయట ఒక్కసారి పిలిస్తే చాలు. లూపులో ప్రతిసారీ అక్షాలను క్లియర్ చేస్తే పెట్టిన హద్దులూ చెరిగిపోతాయి. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. గీతను ఒకసారి సృష్టించి, తర్వాత సెట్_డేటాతో విలువలు మాత్రమే మార్చండి. అడ్డ అక్షం మీద గడియారం సమయం వేస్తే హద్దులు జరుపుతూనే ఉండాలి. పైగా వేగం కోసం బ్లిట్, అంటే మారిన భాగాన్ని మాత్రమే మళ్లీ గీసే పద్ధతి, వాడితే గీత జరుగుతుంది, అంకెలు పాతవే ఉండిపోతాయి. నేనైతే మైనస్ 60 నుంచి 0 దాకా, అంటే 'ఇప్పటికి ఎన్ని సెకన్ల క్రితం' అని వేస్తాను. అప్పుడు ఆ అక్షమూ కదలదు.

మైనస్ 127 వస్తే దాని స్థానంలో నాన్ (NaN), అంటే 'ఇక్కడ అంకె లేదు' అనే విలువ, పెట్టండి. గీత అక్కడ తెగుతుంది, తీగ ఊడిన సంగతి చూసేవారికి తెలుస్తుంది. అయితే ఇదే సెన్సర్‌ను కరెంటు అందగానే, కొలత పూర్తికాకముందే చదివితే 85 అంటుంది. అది మన హద్దుల లోపలే ఉంది, కాబట్టి అక్షాన్ని చూసి అది తప్పని గుర్తించలేం. దానికి వేరే తనిఖీ రాయాలి. ఇప్పుడు ఆ నాలుగు వరుసలే రాద్దాం.