ఒక్క గెలుపు కోసం మార్చి దాకా: హైదరాబాద్ ఎఫ్‌సీ 2023-24 సీజన్

హోస్ట్: అందరికీ నమస్తే. ఈ రోజు మనతో ఉన్న అన్న గచ్చిబౌలి స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ మ్యాచ్‌లన్నీ చూసిన మనిషి. అన్నా, ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్‌లో, అంటే ఐఎస్‌ఎల్‌లో, ఆ జట్టు ఆడిన 2023-24 సీజన్ గురించే మన మాట. ముందుగా మీకు గుర్తొచ్చేది ఏంటి?

అతిథి: బంతి చప్పుడు, తమ్ముడూ. నిజంగా. ఆ చలికాలంలో ఒక మ్యాచ్‌కి వెళ్లాను. స్టాండ్‌లో మా వరుసంతా ఖాళీ. మన గోల్‌కీపర్ కేకలేస్తే డిఫెండర్ల పేర్లు పైదాకా స్పష్టంగా వినిపిస్తున్నాయి. బూటు బంతిని తాకిన చప్పుడు కూడా. రెండేళ్ల ముందు ఛాంపియన్లం మనం! ఆ చప్పుడు వినిపించడమే నాకు బాధేసింది. స్టేడియంలో జనం ఉంటే అది వినపడదు కదా.

హోస్ట్: ఆ ఛాంపియన్ల సంగతి తెలియనివాళ్లు ఉంటారు. ఒకసారి చెప్పండి.

అతిథి: 2022 మార్చి 20, గోవాలోని ఫటోర్డా, ఐఎస్‌ఎల్ ఫైనల్. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. వాళ్లు ఒక గోల్‌తో ముందున్నారు. 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టాడు, స్కోరు సమానమైంది. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1తో గెలిచాం. నేను ఇంట్లో టీవీ ముందు కుర్చీలోంచి లేచినవాణ్ని మళ్లీ కూర్చోలేదు. ఆ ఏడాది మన ఫార్వర్డ్ ఒగ్బెచే 18 గోల్స్ కొట్టాడు. కోచ్ మనోలో మార్కెజ్. మొదటి సీజన్లో పది జట్లలో అట్టడుగున ఉన్న క్లబ్‌ని రెండేళ్లలో అక్కడికి తీసుకెళ్లాడాయన. ఆ తర్వాతి సీజన్లో కూడా పట్టికలో రెండో స్థానం.

హోస్ట్: మరి ఆయన వెళ్లిపోవడమే దెబ్బ అంటారా?

అతిథి: అందరూ అదే అంటారు. నేను ఒప్పుకోను. 2023లో మనోలో ఎఫ్‌సీ గోవాకి వెళ్లాడు. సరే, కోచ్‌లు వస్తుంటారు, పోతుంటారు. కానీ ఆయనతో పాటే ఎంతమంది వెళ్లారో చూడు. ఒగ్బెచే లేడు. ఒడెయి ఒనాయింద్యా గోవాకి. ఆకాశ్ మిశ్రా ముంబై సిటీకి. హాలిచరణ్ నర్జారీ బెంగళూరుకి. సివేరియో ఈస్ట్ బెంగాల్‌కి. ఒక్క వేసవిలో జట్టు సగం ఖాళీ. దాని వెనుక ఉన్నది డబ్బు. ఆటగాళ్లకు జీతాలు బకాయి పడ్డాయి. బాకీలు తీర్చనందుకు ఫిఫా కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోనివ్వలేదు. పోయినవాళ్ల స్థానంలో ఎవర్ని తెస్తావు మరి?

హోస్ట్: అప్పుడు కోచింగ్ బాధ్యత తీసుకున్నవాళ్లు...

అతిథి: ఐర్లాండ్ నుంచి వచ్చిన కోనర్ నెస్టర్, మన తంగ్‌బోయి సింగ్‌టో. సీజన్ మధ్యలో నెస్టర్ వెళ్లిపోయాడు, జట్టు సింగ్‌టో చేతికొచ్చింది. జనవరి వచ్చేసరికి చింగ్లెన్సనా బెంగళూరుకి, యాసిర్ గోవాకి, గోల్‌కీపర్ గుర్మీత్ నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌కి. విదేశీయులు ఒక్కొక్కరే బ్యాగులు సర్దుకున్నారు. కెప్టెన్ జొవావ్ విక్టర్ మాత్రం నిలబడ్డాడు. అతనికి నేను చేతులెత్తి దండం పెడతాను.

హోస్ట్: సింగ్‌టో గురించి చెప్పండన్నా. మీరు ఆయన పేరెత్తినప్పుడల్లా గొంతు మారుతోంది.

అతిథి: మారుతుంది మరి. మణిపూర్ మనిషి. అంతకుముందు షిల్లాంగ్ లజాంగ్ క్లబ్‌లో కుర్రాళ్లతో పనిచేసినాయన. ఇక్కడ మనోలో పక్కన ఉండి జట్టుని లోపలి నుంచి చూశాడు. జీతాలు రాని జట్టు, కొత్తవాళ్లను తెచ్చుకునే వీల్లేదు, ప్రతి వారం ఓటమి. ఇంకొకరైతే రాజీనామా పడేసి వెళ్లేవారు, ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన ఏం చేశాడు? రిజర్వ్ జట్టు కుర్రాళ్లను ఎక్కించాడు. అబ్దుల్ రబీహ్, మార్క్ జోథన్‌పుయా... ఇరవై చిల్లర ఏళ్ల పిల్లలు. అవతల మోహన్ బగాన్, ముంబై లాంటి జట్లు. నేను చూసిన ఆ మ్యాచ్‌లో ఒక కుర్రాడు తప్పు పాస్ ఇచ్చాడు, గోల్ పడింది. వాడు తలదించుకుని నిలబడ్డాడు. సింగ్‌టో గీత దగ్గర నుంచి రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టాడు, తల ఎత్తమని సైగ చేశాడు. నా కళ్లారా చూశాను.

హోస్ట్: గెలుపు ఎప్పుడొచ్చింది?

అతిథి: మార్చిలో. చెన్నైలో, చెన్నైయిన్ జట్టు మీద 1-0. అంతే, సీజన్ మొత్తానికి అదొక్కటే. 22 మ్యాచ్‌లు, 8 పాయింట్లు, చివరి స్థానం. ఆ రోజు మా వాట్సాప్ గ్రూపులో కప్పు గెలిచినంత హడావుడి. ఒకతను వీడియో పెట్టాడు, ఏడుస్తున్నాడు. నాకూ ఆగలేదు.

హోస్ట్: కోచ్‌ని మారిస్తే బాగుండేదేమో అన్నవాళ్లూ ఉన్నారు కదా.

అతిథి: వంటింట్లో బియ్యం లేకపోతే వంటవాణ్ని మార్చి ఏం లాభం? 2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ని తీసుకుంది. కాస్త ఊపిరి ఆడింది. కానీ సీజన్ నెత్తి మీదికి వచ్చాక జట్టు కట్టారు. ఆ డిసెంబరులో సింగ్‌టో వెళ్లిపోయాడు, కేరళకు చెందిన షమీల్ చెంబకత్‌కి పగ్గాలు ఇచ్చారు. ఆయనా కష్టపడ్డాడు. పట్టికలో చోటు మాత్రం పెద్దగా మారలేదు.

హోస్ట్: ఆ తర్వాత 2025లో...

అతిథి: క్లబ్ ఢిల్లీకి వెళ్లిపోయింది. పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. (కాసేపు మౌనం) రహీం సాబ్ పుట్టిన ఊరు తమ్ముడూ ఇది. 1962లో జకార్తాలో భారత ఫుట్‌బాల్ జట్టుకి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన కోచ్. మన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ స్వర్ణం గెలిచిన జట్టులోని బలరాం సికింద్రాబాద్ వాడు. అలాంటి ఊళ్లో ఐఎస్‌ఎల్ జట్టు ఆరు సీజన్లకు మించి నిలవలేదు.

హోస్ట్: ఆ జెర్సీ ఇంకా ఉందా మీ దగ్గర?

అతిథి: పసుపుది. బీరువాలో ఉంది. మా అబ్బాయి మొన్న వేసుకుని గల్లీలో ఆడటానికి వెళ్లాడు. వద్దనలేదు నేను.