కత్తి దించే ముందు నేల చూడండి

శ్రోతలకు నమస్కారం. ఇంటి ముందు కాస్త జాగా ఉంటే చాలు, అక్కడ తివాచీ పరిచినట్టు పచ్చిక ఉండాలని చాలామంది ఆశపడతారు. నెల్లూరులోనైనా, ఒంగోలులోనైనా, కావలిలోనైనా జరిగేది దాదాపు ఒకటే. గడ్డి కోసే మిషను కొంటారు. తీరిక దొరికిన ఆదివారం పూట కత్తిని అడుగుకంటా దించి ఒక్కసారి తిప్పేస్తారు. సాయంత్రానికి చూస్తే ఒకచోట మట్టి బయటపడి ఉంటుంది, ఇంకోచోట ఎండుగడ్డి రంగు మచ్చలు, పక్కనే కత్తి తగలని పొడుగు గడ్డి. మిషను మంచిది కాదనో, గడ్డి జాతి మంచిది కాదనో అనుకుంటారు. చాలాసార్లు తప్పు ఆ రెండింటిదీ కాదు. నేల ఎగుడుదిగుడుగా ఉంది, కోతకూ కోతకూ మధ్య ఎక్కువ రోజులు గడిచాయి. ఈ రెండూ సరిచేయకుండా కత్తిని దించితే పచ్చిక పొట్టిగా కాదు, బోడిగా అవుతుంది.

ముందు గడ్డి సంగతి. మన ఎండలకు తట్టుకుని, బాగా పొట్టిగా కోసినా నిలిచేది గరిక. వినాయక చవితి పత్రిలో ఉంటుంది కదా, ఆ గరికే. నర్సరీల్లో బెర్ముడా అని అమ్మేది కూడా ఈ జాతిదే. గరిక నేల మీద తీగలా పాకుతుంది, నేల లోపల కాడలతోనూ సాగుతుంది. ప్రతి కణుపు దగ్గరా వేరూ చిగురూ పుడతాయి. ఆ కణుపులు నేలను అంటుకుని ఉంటాయి కాబట్టి పైన ఆకు పోయినా మొక్క చావదు. మెక్సికన్ గడ్డి అనేది కూడా పొట్టిగా ఉంచడానికి పనికొస్తుంది, అయితే అది నెమ్మదిగా పెరుగుతుంది కనుక దెబ్బ తగిలితే కోలుకోవడానికి నెలలు పడుతుంది. వెడల్పాటి ఆకు, లావుపాటి తీగ ఉన్న గడ్డిని మాత్రం 2 అంగుళాలకంటే తగ్గించకండి. దాని తీగలు నేల పైనే ఉంటాయి, కత్తి సరాసరి వాటికే తగులుతుంది.

గరిక మొక్కను ఒకటి పెరికి పక్కనుంచి చూడండి. పచ్చని ఆకులన్నీ పై భాగంలోనే ఉంటాయి. కింద ఉన్నది గోధుమరంగు కాడ. గడ్డిని 2 అంగుళాలు పెరగనిచ్చి అర అంగుళానికి కోస్తే ఆకంతా పోయి కాడలు మిగులుతాయి. ఆ మచ్చలు అవే. పైగా ఆకు ఒక్కసారిగా పోయినప్పుడు వేరు పెరగడం కొన్నాళ్లు ఆగిపోతుంది. వేసవిలో అలా జరిగితే గడ్డి నీళ్లు తాగలేక ఎండిపోతుంది. అందుకే ఒక కోతలో ఉన్న ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు. 15 మిల్లీమీటర్ల ఎత్తు కావాలనుకుంటే 22కు చేరగానే కోయాలి. నీళ్లూ ఎరువూ బాగా అందే గరిక వెచ్చని రోజుల్లో 3, 4 రోజులకే అంత పెరుగుతుంది. కాబట్టి వారానికి ఒక్కరోజే తీరిక దొరికేవాళ్లు 15 మిల్లీమీటర్ల పచ్చిక పెట్టుకోవద్దు. 30 మిల్లీమీటర్లు పెట్టుకోండి, అది చక్కగా పచ్చగా ఉంటుంది. ఎత్తు ఎంత ఉండాలో తేల్చేది మనకున్న తీరికే.

ఇప్పటికే పొడుగ్గా ఉన్న గడ్డిని దించాలంటే కోతకు 3 నుంచి 5 మిల్లీమీటర్ల చొప్పున, 4, 5 రోజుల ఎడంతో దించుతూ రండి. కింద కొత్త ఆకులు వేయడానికి దానికి వ్యవధి దొరుకుతుంది.

మిషన్లు రెండు రకాలు. ఫ్యాను రెక్కలా తిరిగే కత్తి ఉన్న మిషను ఆకును విసురుగా కొట్టి తెంపుతుంది. దానితో 25 మిల్లీమీటర్లకంటే కిందికి వెళ్లకపోవడం మంచిది. మెలితిరిగిన కత్తులు రీలులా తిరుగుతూ, కింద కదలకుండా ఉన్న పట్టీ మీద ఒరుసుకుంటూ కత్తెరలా కోసే మిషను ఇంకొకటి. 12 నుంచి 20 మిల్లీమీటర్ల ఎత్తు కావాలంటే ఇదే కావాలి. చేత్తో తోసేది చిన్న జాగాకు సరిపోతుంది. కత్తి పదును చూడటానికి వార్తాపత్రిక ముక్క ఒకటి రీలుకూ పట్టీకీ మధ్య పెట్టి, చేతులు దూరంగా ఉంచి, రీలును మెల్లగా తిప్పండి. కాగితం పట్టీ పొడవునా శుభ్రంగా తెగాలి. ఒకచోట తెగి ఇంకోచోట మడతపడితే అక్కడ సర్దుబాటు కావాలి. కోసిన మర్నాడు ఆకు కొసలు తెల్లబడి పీచులా కనిపిస్తే కత్తి మొద్దుబారినట్టే. మిషను మీద రాసి ఉన్న ఎత్తు అంకెలను గుడ్డిగా నమ్మకండి. కరెంటు మిషనైతే ప్లగ్గు పీకి, పెట్రోలు మిషనైతే స్పార్క్ ప్లగ్గు వైరు తీసి, సిమెంటు గచ్చు మీద నిలబెట్టి, గచ్చు నుంచి కత్తి అంచు దాకా స్కేలుతో కొలిచి చూసుకోండి.

ఇక అసలు విషయం, నేల. మిషను చక్రాలు రెండు మిట్టల మీదుగా పోతే మధ్య పల్లంలో గడ్డి పొడుగ్గా మిగులుతుంది. చక్రాలు పల్లంలో దిగితే మధ్య మిట్ట బోడి అవుతుంది. 40 మిల్లీమీటర్ల ఎత్తులో ఇవేవీ కంటికి ఆనవు. 15కు వచ్చేసరికి ప్రతి ఎగుడూ దిగుడూ బయటపడుతుంది. తాపీ మేస్త్రీల దగ్గర ఉండే పొడవాటి అల్యూమినియం బద్దను పచ్చిక మీద పడుకోబెట్టి, దాని కింద ఖాళీ ఎంతుందో చూడండి. ఒక అంగుళం లోపు పల్లాలను పైనుంచి ఇసుక వేసి దశలవారీగా పూడ్చవచ్చు. అంతకంటే లోతైతే అక్కడి గడ్డిని 2 అంగుళాల మందాన చెక్కలుగా పారతో లేపి, కింద మట్టి నింపి, తొక్కి, మళ్లీ పరచాలి. మిట్టలకు కూడా అంతే, చెక్క లేపి అడుగు మట్టి తీసేయాలి. సమం చేసేటప్పుడే ఇంటి గోడ నుంచి బయటికి ప్రతి 10 అడుగులకు అంగుళం, అంగుళంన్నర వాలు ఉండేలా చూసుకోండి. కార్తీకంలో వాయుగుండం పట్టినప్పుడు ఆ వాలు విలువ తెలుస్తుంది. రోలరు తిప్పితే నేల సమం అవుతుందన్న నమ్మకం మానుకోవాలి. రోలరు మిట్టను, పల్లాన్ని రెండింటినీ గట్టిపరుస్తుంది, అంతే. తడి నల్లమట్టి మీద తిప్పితే నేల ఇటుకలా బిగుసుకుపోయి వేళ్లకు గాలి ఆడదు.

ఇసుక లెక్క చూద్దాం. నెల్లూరు కొలతలో అంకణం అంటే 72 చదరపు అడుగులు. 15 అంకణాలు, ఒంగోలు వైపు లెక్కలో 120 గజాలు, అంటే దాదాపు 100 చదరపు మీటర్లు. అంత జాగాలో 6 మిల్లీమీటర్ల మందాన వేయాలంటే 600 లీటర్ల ఇసుక కావాలి. ఖాళీ సిమెంటు సంచులతో కొలిస్తే సుమారు 17 సంచులు, బరువులో టన్నుకు దగ్గర. ఏటి ఇసుక తెచ్చి, 2, 3 మిల్లీమీటర్ల కన్నున్న జల్లెడలో జల్లించి, బాగా ఎండబెట్టండి. సముద్రపు ఇసుక వద్దు, అందులో ఉప్పు ఉంటుంది. ముందు గడ్డి కోయండి. తోటపని ఫోర్కుతో 4 అంగుళాల లోతున, అడుగుకు మూడు చొప్పున గుచ్చుకుంటూ పోండి. ఇసుకను పారతో చల్లి, అల్యూమినియం బద్దతో అటూ ఇటూ లాగండి. పల్లాల్లో అదే దిగుతుంది. తర్వాత కొబ్బరి ఈనెల చీపురుతో ఊడిస్తే ఆకుల మధ్య ఉన్నది అడుగుకు జారుతుంది. పని అయ్యాక ఆకు కొసలు పైకి కనిపించాలి. కనిపించలేదంటే ఎక్కువ పోశారన్నమాట, గడ్డి ఊపిరాడక పసుపు పచ్చబడుతుంది. మూడు నాలుగు వారాలకు గడ్డి దాన్ని కప్పేశాక రెండో విడత వేయవచ్చు. మొదటి ఏడాది రెండు మూడు విడతలు పడతాయి.

నల్లరేగడి నేలల్లో ఒక చిక్కు ఉంది. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వేస్తుంది. ఒకసారి సమం చేస్తే శాశ్వతంగా ఉండదు. అలాంటి చోట తడి ఒకే తీరుగా ఉంచడం, ఏటా ఒక విడత ఇసుక వేయడం, ఎత్తు 25 మిల్లీమీటర్లు పెట్టుకోవడం తెలివైన పని. ఇసుకను నల్లమట్టిలో కలిపి తవ్వకండి. కొద్దిపాటి ఇసుక ఆ మట్టితో కలిస్తే మరింత గట్టిపడుతుంది. గుచ్చిన కన్నాల్లోకి దిగినది దిగనిచ్చి, మిగతాది పైన పొరగానే ఉంచాలి.

నీటి దగ్గర చాలామంది రోజూ సాయంత్రం పైపు పట్టుకుని పైపైన తడుపుతారు. దానివల్ల వేరు పైనే ఉండిపోతుంది, రాత్రంతా ఆకు తడిగా ఉండి తెగుళ్లు వస్తాయి. తెల్లవారుజామున పెట్టండి, పెట్టినప్పుడు లోతుగా పెట్టండి. మామూలు రోజుల్లో వారానికి 25 మిల్లీమీటర్లు, మే నెలలో 35 నుంచి 40. 100 చదరపు మీటర్లకు 25 మిల్లీమీటర్లంటే 2,500 లీటర్లు, వెయ్యి లీటర్ల ట్యాంకులు రెండున్నర. పైపు కింద 20 లీటర్ల బకెట్టు పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూస్తే ఎంతసేపు పట్టాలో లెక్క తేలుతుంది. ఆ నీటిని తీరప్రాంతపు ఇసుక నేలలకు వారంలో మూడు దఫాలుగా పంచండి, నల్లనేలకు ఒకటి రెండు దఫాలు చాలు. నీళ్లు పెట్టిన కాసేపటికి పొడవాటి స్క్రూడ్రైవరు గుచ్చితే 6 అంగుళాలు సులువుగా దిగాలి. గడ్డి మీద నడిచినప్పుడు అడుగుల జాడ లేవకుండా అలాగే ఉంటే అది దాహంతో ఉందని గుర్తు.

బోరు నీళ్లు ఉప్పగా ఉండే చోట ఆకు కొసలు మాడతాయి, నేల మీద తెల్లటి పొర కడుతుంది. గరిక ఉప్పును బాగానే ఓర్చుకుంటుంది. అలాగని ఆర్వో మిషను వదిలే నీటిని రోజూ పచ్చికకు మళ్లించకండి. తాగే నీటిలోంచి తీసేసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. ఉప్పు బోరు ఉన్నవాళ్లు తక్కువ తక్కువగా పెట్టడం కంటే, అప్పుడప్పుడు ఒకేసారి ఎక్కువ పెట్టి ఉప్పును వేళ్ల కిందికి దించడం మేలు. మన జిల్లాల్లో అక్టోబరు నుంచి పడే ఈశాన్య రుతుపవనాల వాన ఆ పనిని బాగా చేస్తుంది, నీరు పోయే దారి ఉంటే.

ఎరువు సంగతి క్లుప్తంగా చెబుతాను. పెరిగే కాలంలో 100 చదరపు మీటర్లకు నెలకు కిలో యూరియా, దాన్ని అరకిలో చొప్పున 15 రోజులకోసారి. 5 కిలోల పొడి ఇసుకలో కలిపి, సగం నిలువునా నడుస్తూ, సగం అడ్డంగా నడుస్తూ చల్లాలి. ఆకు పొడిగా ఉన్నప్పుడు చల్లి వెంటనే నీళ్లు పెట్టాలి, లేకపోతే చల్లినచోటల్లా మాడుతుంది. మోతాదు పెంచితే పచ్చదనం కంటే ముందు మీకు కోత పని పెరుగుతుంది. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే అది యూరియాతో పోదు, ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, చల్లటి పూట పిచికారీ చేయండి. గచ్చు మీద, టైల్సు మీద పడనివ్వకండి, తుప్పు మరక పోదు.

కలుపులో మొండిది తుంగ. కోసిన రెండో రోజుకే గడ్డిని మించి లేచి కనిపించేది అదే. పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉండిపోయి మళ్లీ మొలుస్తుంది. వాన పడి నేల మెత్తబడిన రోజు సన్నటి గునపంతో గడ్డతో సహా తీయాలి, వారం వారం తీస్తూనే ఉండాలి. చెరువు మట్టి, మాగని పశువుల ఎరువు తెచ్చి పచ్చిక మీద పోస్తే తుంగనూ తక్కిన కలుపు గింజలనూ చేతులారా తెచ్చుకున్నట్టే. చెట్టు నీడలో గరిక పలచబడుతుంది, దానికి రోజుకు 6 గంటల ఎండైనా కావాలి. వేపచెట్టు కింద గరిక కోసం పోరాడకుండా అక్కడ వేరే మొక్కలు పెట్టుకోవడం నయం.

ఏడాదిలో ఏ పని ఎప్పుడు? రథసప్తమి దాటి చలి తగ్గాక ఒకే ఒక్కసారి మూడో వంతు సూత్రాన్ని పక్కన పెట్టవచ్చు. గరికను అడుగుకంటా కోసి, ఎండిన కాడల పొరను ఇనుప పళ్ల దంతెతో గీరి తీసేసి, ఇసుక, యూరియా, నీళ్లు ఇస్తే రెండు మూడు వారాల్లో కొత్త ఆకుతో కమ్ముకుంటుంది. మెక్సికన్ గడ్డికి మాత్రం ఇలా చేయకండి. రోహిణి కార్తెలో కత్తిని 5 నుంచి 10 మిల్లీమీటర్లు పైకెత్తండి. ఆకు నీడ నేలను కాపాడుతుంది. మృగశిర తర్వాత తొలకరి జల్లులు పడ్డాక మళ్లీ మెల్లగా దించుకుంటూ రండి. మళ్లీ ఇసుక వేయడానికి అది మంచి అదను, సెప్టెంబరు లోపు ముగించుకోవాలి, అక్టోబరు తర్వాత వేస్తే వాన నీటితో కొట్టుకుపోతుంది. ముసురు పట్టి పది రోజులు కోయలేకపోతే కంగారుపడవద్దు. నేల ఆరనిచ్చి, కత్తిని ఎత్తులో పెట్టి మొదటి కోత కోసి, రాలిన గడ్డిని ఎత్తేసి, నాలుగు రోజులాగి రెండో కోతకు కొంచెం దించండి. నమస్కారం.