హిట్లర్ వీలునామా టైప్ చేసిన సెక్రటరీ

నమస్కారమండీ. ఈరోజు ఒక టైపిస్టు గురించి మాట్లాడుకుందాం. పేరు ట్రౌడల్ యుంగ, ఊరు జర్మనీలోని మ్యూనిక్. డాన్సర్ అవుదామనుకున్న ఈవిడ 1942 చివర్లో, 22 ఏళ్లకే హిట్లర్ దగ్గర సెక్రటరీగా చేరారు. 81 ఏళ్ల వయసులో కెమెరా ముందు కూర్చుని అదంతా చెప్పారు. ఆ డాక్యుమెంటరీ 2002 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో మొదటిసారి వేశారు. కొన్ని గంటలకే ఆవిడ క్యాన్సర్‌తో పోయారు.

ఆవిడ చూసిన హిట్లర్ గురించి వింటే ఒళ్లు మండుతుంది. డిక్టేషన్ టెస్టులో ఈవిడ చేతులు వణుకుతుంటే, కంగారు పడొద్దని ధైర్యం చెప్పాడట. మాంసం తినడు. గదిలో కోసిన పూలు పెట్టనివ్వడు, చచ్చిన పూలు చూడలేడట! బయటేమో లక్షల మందిని చంపిస్తున్నాడు.

ఇక అసలు సంగతికొద్దాం. 1945 ఏప్రిల్ 28 రాత్రి, బెర్లిన్ బంకర్. సోవియట్ సైన్యం నగరంలోకి వచ్చేసింది. ఎవా బ్రౌన్‌తో హిట్లర్ పెళ్లి కూడా ఆ రాత్రే. ట్రౌడల్‌ను పిలిచి తన వీలునామా రాసుకోమన్నాడు. ఈవిడకు ఒకటే టెన్షన్. ఈ యుద్ధమంతా ఎందుకు, ఇలా ఎందుకు ముగిసింది, ఇప్పుడైనా చెప్తాడు, ముందు వినేది నేనే అనుకున్నారు.

ఏం చెప్పాడు? సభల్లో అరిచిన పాత పాటే. తప్పంతా యూదులదే. తర్వాత కొత్త ప్రభుత్వంలో ఎవరికి ఏ శాఖో లిస్టు! రాజధానే చేజారిపోతుంటే మంత్రి పదవులు ఎవరికండీ? పక్కన పెళ్లి విందు నడుస్తుంటే ఈవిడ మూడు కాపీలు టైప్ చేశారు. తెల్లవారుజామున 4 గంటలకు సంతకం పెట్టాడు. 30న కాల్చుకుని చచ్చాడు.

పెద్దవాళ్ల పక్కన ఉంటే లోగుట్టు తెలుస్తుందనుకుంటాం కదా. రెండేళ్లకు పైగా పక్కనే ఉన్నా ఈవిడకు దొరికింది ఆ ఉపన్యాసమే. లోపల ఇంకేమీ లేదు.

యుద్ధం అయ్యాక, చిన్న వయసు కదా అని అధికారులు ఈవిడను వదిలేశారు. ఈవిడా చాలా ఏళ్లు అదే చెప్పుకున్నారు. ఒకరోజు మ్యూనిక్‌లో సోఫీ షోల్ స్మారక ఫలకం కనిపించింది. నాజీలకు వ్యతిరేకంగా కరపత్రాలు పంచినందుకు 1943 ఫిబ్రవరిలో ప్రభుత్వం తల నరికించిన విద్యార్థిని. 21 ఏళ్లు, ఈవిడకన్నా ఏడాది చిన్నది. వయసు సాకు కాదని, కావాలనుకుంటే తెలుసుకోగలిగేదాన్నని అప్పుడు అర్థమైందన్నారు.

మరీ ఆలస్యంగా ఒప్పుకున్నారని తిట్టేవాళ్లున్నారు. తిట్టొచ్చు. కానీ యుద్ధం తర్వాత నాజీ పెద్దలను విచారించిన నూరెంబర్గ్ కోర్టులో జనరల్సే ఆదేశాలు పాటించామని తప్పించుకోబోయారు. ఈవిడ మాత్రం, అధికారులు క్షమించేసినా, తనను తాను క్షమించుకోలేదు.