సీడీ తిరుగుతోంది, టైమ్ నడుస్తోంది, సౌండ్ మాత్రం లేదు! లైనక్స్‌లో ఎక్కడ వెతకాలి?

నమస్కారం అండీ. ముందు ఇది చూడండి.

[ప్లేయర్ విండో దగ్గరగా]

ట్రాక్ ఒకటి. 0:41, 0:42, 0:43. టైమ్ నడుస్తోంది. డ్రైవ్ గుర్రుమంటున్న చప్పుడు మైకులో మీకూ వినిపిస్తూ ఉండాలి. వాల్యూమ్ నూటికి నూరు పెట్టా. సౌండ్ లేదు. పోనీ ఎర్రర్ ఏమన్నా వచ్చిందా అంటే అదీ లేదు. ఎర్రర్ వచ్చినా నయమే, దాన్ని పట్టుకుని వెతుక్కోవచ్చు. ఇదేమో అంతా బాగానే ఉన్నట్టు నటిస్తోంది.

ఈ కంప్యూటర్ తెనాలిలో మా పెద్దమ్మది. 2007లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. పోయినేడు నేనే దీంట్లో విండోస్ తీసేసి లైనక్స్ మింట్ వేశా. లోపల ఉన్న సీడీ మా పెద్దనాన్న చెప్పిన హరికథ. క్యాసెట్ల మీద ఉన్నదాన్ని అప్పట్లో స్టూడియోలో సీడీకి ఎక్కించారు. మొన్న పెద్దమ్మ ఫోన్ చేసి, "ఒరే, నువ్వు ఆ కంప్యూటర్‌ని ఏదో చేశాక మీ పెద్దనాన్న గొంతు పెగలడం లేదురా" అంది. ఇంక రాక తప్పుతుందా?

సరే, మొదలుపెడదాం. ముందు సీడీ సంగతి పక్కన పెట్టి, అసలు కంప్యూటర్‌లో సౌండ్ వస్తోందా లేదా చూడాలి. టెర్మినల్ తెరవండి, అదే, కమాండ్లు టైప్ చేసే విండో. స్పీకర్ హైఫన్ టెస్ట్, స్పేస్, హైఫన్ సీ, స్పేస్, 2, స్పేస్, హైఫన్ టీ, స్పేస్, డబ్ల్యూ ఏ వీ. అంతా చిన్న అక్షరాలే, స్క్రీన్ మీద ఉంది చూడండి. ఎంటర్ కొట్టగానే ఒకావిడ గొంతు "ఫ్రంట్ లెఫ్ట్, ఫ్రంట్ రైట్" అని చెబుతుంది. నాకు వినిపిస్తోంది. ఆపడానికి కంట్రోల్ సీ.

మీకు ఇది కూడా వినిపించకపోతే సీడీని అనుమానించకండి. చాలామంది ఇళ్లలో దొంగ హెచ్‌డీఎంఐ. మానిటర్‌కి ఆ కేబుల్ తగిలించగానే సిస్టమ్ సౌండ్‌ని అటు పంపేస్తుంది. ఆ మానిటర్‌కి స్పీకర్లు ఉండవు. సౌండ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి అవుట్‌పుట్ మార్చండి. పావూకంట్రోల్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంటే ఇంకా తేలిక. అందులో ప్లేబ్యాక్ ట్యాబ్ చూడండి. ఏ ప్రోగ్రామ్ ఎటు సౌండ్ పంపుతోందో, ఏది మ్యూట్‌లో ఉందో అక్కడ కనిపిస్తుంది. ఎప్పుడో ఒక ప్లేయర్‌ని మ్యూట్ చేసి మర్చిపోయుంటారు, సిస్టమ్ మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. క్యాబినెట్ ముందు జాక్‌లో ఇయర్‌ఫోన్స్ ఉంటే వెనక స్పీకర్లు మూగబోతాయి, అదీ ఓసారి చూసుకోండి.

మన కేసులో స్పీకర్లు బాగానే ఉన్నాయి. వీడియో పెడితే సౌండ్ వస్తోంది, సీడీకే లేదు. అసలు కథ ఇప్పుడు.

ఒక్క నిమిషం, దానికి ముందు ఇంకో మాట. లోపల ఉన్నది నిజంగా ఆడియో సీడీయేనా? మనవాళ్లు రెండు రకాలనీ పాటల సీడీ అనే అంటారు. 150 పాటలున్న సీడీ అయితే అది ఎంపీత్రీ సీడీ. అందులో మామూలు ఫైళ్లే ఉంటాయి, ఫైల్ మేనేజర్‌లో తెరుచుకుంటాయి. ఆడియో సీడీ అలా కాదు. 1980లో ఫిలిప్స్, సోనీ కలిసి తయారుచేసిన రెడ్ బుక్ లెక్క ప్రకారం దాని మీద ఫైళ్లుండవు, ఫోల్డర్లుండవు. సెకనుకు 75 ముక్కల చొప్పున శబ్దం ఒకటే వరసగా ఉంటుంది. అందుకే దాన్ని మౌంట్ చేయబోతే, అంటే పెన్‌డ్రైవ్‌లా ఫోల్డర్‌గా తెరవబోతే, లైనక్స్ ఒప్పుకోదు. ఆ ఎర్రర్ చూసి డ్రైవ్ పోయిందనుకుని కొత్తది కొన్నవాళ్లు నాకు తెలుసు. మరి ఫైల్ మేనేజర్‌లో ట్రాక్ 1 డాట్ వేవ్ అని కనిపిస్తుందే అంటారా? అది మనకి అర్థం కావడానికి డెస్క్‌టాప్ వేసే వేషం. సీడీ మీద ఆ ఫైలు లేదు.

[క్యాబినెట్ మూత తీస్తూ]

ఇప్పుడు ఇటు చూడండి. అబ్బా, దుమ్ము! డ్రైవ్ వెనక వెడల్పాటి కేబుల్ ఉంది కదా, డేటా వెళ్లేది అందులోనే. దాని పక్కన నాలుగు పిన్నుల చిన్న సాకెట్ చూశారా? ఇది ఖాళీగా ఉంది. మదర్‌బోర్డు మీద కూడా సీడీ ఇన్ అని రాసున్న అలాంటి సాకెట్టే ఉంది, అదీ ఖాళీ. ఈ రెండింటినీ కలపాల్సిన సన్నటి తీగ ఇక్కడ లేదు.

ఆడియో సీడీ మోగడానికి రెండు దారులున్నాయండీ. పాత దారిలో ప్లేయర్ ప్రోగ్రామ్ చేసేది ఒక్కటే, "మూడో ట్రాక్ వాయించు" అని డ్రైవ్‌కి పురమాయించడం. మిగతాదంతా డ్రైవే చూసుకుంటుంది. సీడీ మీద శబ్దం అంకెల రూపంలో ఉంటుంది, ఆ అంకెల్ని తనే శబ్దంగా మార్చి, ఆ నాలుగు పిన్నుల తీగలోంచి సౌండ్ కార్డుకి పంపిస్తుంది. లైనక్స్ ఆ శబ్దాన్ని ముట్టుకోదు కూడా. నమ్మకం లేకపోతే ప్లేయర్ విండో మూసేయండి. ఇదిగో మూశా. సీడీ ఇంకా తిరుగుతూనే ఉంది!

తీగ లేకపోతే డ్రైవ్ తన పాటికి తను గాలికి పాడుకుంటుంది. స్క్రీన్ మీద నడిచే టైమ్ కూడా డ్రైవ్ చెప్పేదే. లెన్స్ ఎక్కడుందో చెబుతుంది తప్ప, సౌండ్ మీ దాకా వచ్చిందో లేదో దానికేం తెలుసు?

దీన్ని రుజువు చేయడానికి నాకు భలే ఇష్టమైన పరీక్ష ఒకటుంది. పాత డ్రైవుల ముందు భాగంలో ఇయర్‌ఫోన్ రంధ్రం ఉండేది, పక్కనే చిన్న వాల్యూమ్ చక్రం. అదృష్టం, దీనికి ఉంది. ఇయర్‌ఫోన్స్ పెడుతున్నా. చక్రం తిప్పుతున్నా. వస్తోంది! చిడతల చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. పెద్దమ్మా, ఇలా రా, విను. అంటే సీడీ బాగుంది, డ్రైవ్ బాగుంది. మధ్యలో దారే లేదు.

విండోస్‌లో వచ్చేదిగా మరి అని మీరు అడుగుతారు. అక్కడి ప్లేయర్ రెండో దారి వాడేది, దానికి ఈ తీగతో పనిలేదు. ఇక్కడ పాత మిషన్ కదా, తేలిగ్గా ఉంటుందని నేనే ఏరికోరి ఒక పాతకాలపు బుల్లి ప్లేయర్ పెట్టా. అది మొదటి దారి తప్ప ఇంకోటి ఎరగదు. తప్పు నాదే, పెద్దమ్మ కరెక్టుగానే పట్టుకుంది.

మీ మిషన్‌లో ఆ తీగ ఉండి కూడా సౌండ్ రాకపోతే, టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ అని కొట్టండి. మొదట ఒక్క మాస్టర్ గీతే కనిపిస్తే ఎఫ్6 నొక్కి అసలు సౌండ్ కార్డుని ఎంచుకోండి. అప్పుడు వరసగా గీతలొస్తాయి. అందులో సీడీ అని ఉన్నదాని దగ్గరికి బాణం కీతో వెళ్లండి. కింద ఎం ఎం అని ఉంటే అది మ్యూట్. కీబోర్డు మీద ఎం నొక్కితే రెండు సున్నాలుగా మారుతుంది. పై బాణంతో పెంచండి. సీడీ అనే గీతే లేదంటే ఆ బోర్డులో ఈ దారి లేనట్టే. సాటా డ్రైవులైతే, అంటే ఈ వెడల్పాటి కేబుల్ బదులు సన్న కేబుల్ ఉండే తర్వాతి రకమైతే, మామూలుగా ఆ నాలుగు పిన్నులే ఉండవు, కాబట్టి తీగ కోసం బజారంతా తిరగకండి.

ఇక రెండో దారి. ఇందులో కంప్యూటరే సీడీ మీది అంకెల్ని డేటా కేబుల్ గుండా చదువుకుంటుంది. సెకనుకు 44,100 శాంపిళ్లు, ఎడమకీ కుడికీ వేరువేరుగా, ఒక్కోటి 16 బిట్లు. మొత్తం సెకనుకు 1,76,400 బైట్లు. చదివి, అన్ని పాటల్లాగే సౌండ్ సిస్టమ్‌కి ఇచ్చేస్తుంది. ఇక్కడ మీ మామూలు వాల్యూమ్ పనిచేస్తుంది.

దీనికి వీఎల్‌సీ చాలు. మీడియా మెనూలో ఓపెన్ డిస్క్, అందులో ఆడియో సీడీ ఎంచుకోండి. డివైస్ దగ్గర స్లాష్ డెవ్ స్లాష్ ఎస్ ఆర్ సున్నా ఉండాలి. ప్లే కొడుతున్నా.

[పది సెకన్లు ఏమీ మాట్లాడకుండా, హరికథ వినిపిస్తుంది]

వచ్చేసింది. వంటింట్లోంచి పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది, గరిటె చేతిలోనే ఉంది.

మీకు ఇక్కడ డ్రైవ్ తెరవలేకపోయానని ఎర్రర్ వస్తే పర్మిషన్ సమస్య కావచ్చు, అంటే డ్రైవ్‌ని వాడే అనుమతి మీ యూజర్‌కి లేకపోవచ్చు. టెర్మినల్‌లో ఇది కొట్టండి. సుడో యూజర్‌మాడ్, స్పేస్, హైఫన్ చిన్న ఏ పెద్ద జీ, స్పేస్, సీడీరామ్, స్పేస్, మీ యూజర్ పేరు. తర్వాత లాగౌట్ అయి మళ్లీ రండి. లాగౌట్ మర్చిపోయి "అన్నా, పనిచేయట్లేదు" అని కామెంట్ పెట్టొద్దు!

ఎలాగూ వచ్చా కాబట్టి ఇంకో పని కూడా చేసి వెళ్తా. ఇది స్టూడియోలో రాసిన సీడీ, అంచున గీతలు కూడా పడ్డాయి. ఎన్నాళ్లుంటుందో! సీడీపారనోయా అనే ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేశా. టెర్మినల్‌లో దాని పేరు కొట్టి, పక్కన ముందు హైఫన్ పెద్ద క్యూ ఇస్తే ట్రాకుల పట్టీ చూపిస్తుంది. ఇదిగో, తొమ్మిది ట్రాకులు. పట్టీ వచ్చిందంటే డ్రైవ్ సీడీని గుర్తుపట్టినట్టే. హైఫన్ పెద్ద బీ ఇస్తే అన్నిటినీ వేరువేరు వేవ్ ఫైళ్లుగా దింపుతుంది. నిమిషానికి 10 ఎంబీ పైచిలుకు అవుతుంది, డిస్క్‌లో చోటు చూసుకోండి.

ఇందులో ఓ తమాషా ఉంది. పక్కన చిన్న మొహం బొమ్మ కనిపిస్తోందా? సాఫీగా చదువుతున్నంతసేపూ నవ్వుతూ ఉంటుంది. గీత తగిలితే మొహం ముడుచుకుంటుంది. అక్కడే మళ్లీ మళ్లీ చదువుతుంది, అందుకే టైమ్ పడుతుంది. కంగారుపడి ఆపేయకండి.

ఇప్పుడు ఏడో ట్రాక్‌లో ఉన్నాం. మొహం కాస్త ముడుచుకునే ఉంది. అయ్యాక అన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టి చూపించాలట. పెద్దమ్మ ఇందాకే టీవీ వెనక దుమ్ము దులిపి, పెన్‌డ్రైవ్ గుచ్చే చోటు ఎక్కడా అని వెతుకుతోంది.