కొండ సైకిల్ మీద బరువు ఎక్కడ పడాలి?

(కడపలో కొండ సైకిల్ ఔత్సాహికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా, నమస్కారం.

ఎర్రమల కొండల్లో, గండికోట వైపు రాళ్ల దారుల్లో తిరిగి వచ్చినవాళ్లు నన్ను తరచుగా అడుగుతుంటారు: "ఇంత ఖరీదైన ఫోర్కు పెట్టించాను, అయినా చేతులు ఎందుకు అదిరిపోతున్నాయి?" చాలాసార్లు లోపం ఫోర్కులో, అంటే ముందు చక్రాన్ని పట్టుకొని కుదుపులను మింగే ఆ జంట గొట్టాల్లో, ఉండదు. మనిషి బరువు, సామాను బరువు రెండు చక్రాల మీద ఎలా పడుతున్నాయో చూసుకోకపోవడమే కారణం. దుకాణంలో సీటును చేత్తో నొక్కి చూస్తే ఇది తెలియదు.

మొదట సాగ్ సంగతి. మీరు ఎక్కగానే సస్పెన్షన్, అంటే కుదుపులను మింగే ముందు ఫోర్కు, వెనుక షాక్, కొంత కుంగుతుంది, కుంగాలి కూడా. ఆ కుంగుబాటునే సాగ్ అంటారు. గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి సాగి నేలను అంటిపెట్టుకోవడానికి ఆ కుంగుబాటే ఆధారం. సాధారణంగా, కుంగగలిగిన మొత్తం దూరంలో ముందు ఫోర్కుకు 15 నుంచి 20 శాతం, వెనుక షాక్‌కు 25 నుంచి 30 శాతం సాగ్ ఉంచుతారు. మొత్తం 120 మిల్లీమీటర్లు కుంగగలిగే ఫోర్కు 24 మిల్లీమీటర్లు కుంగితే 20 శాతం అన్నమాట. ఫోర్కు గొట్టం మీది రబ్బరు రింగును, గొట్టం లోపలికి దిగేచోట ఉండే సీలు దాకా జరిపి, పెడళ్ల మీద నిలబడి, మెల్లగా దిగి కొలవండి. హెల్మెట్, బూట్లు, నీళ్ల సంచి అన్నీ ఒంటి మీద ఉండాలి. మన ఎండల్లో 3 లీటర్ల నీళ్లు లేకుండా ఎవరు బయలుదేరుతారు? అంటే 3 కిలోలు, అదీ వీపు మీద, అంత ఎత్తులో! వీలైనంత నీటిని ఫ్రేము మధ్యలో, కిందుగా కట్టండి. సైకిల్ ఒరిగినప్పుడు తేడా మీకే తెలుస్తుంది.

ఎద్దులబండికి వేరుశనగ బస్తాలు ఎత్తేవాళ్లకు ఈ విద్య బాగా తెలుసు. ముందు ఎక్కువైతే బరువంతా ఎద్దుల మెడ మీద పడుతుంది, వెనుక ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. సైకిల్ మీద ఆ బస్తా మనమే, పైగా క్షణక్షణం కదులుతుంటాం. ఎగువకు తొక్కేటప్పుడు బరువు వెనక్కి జారి షాక్ ఎక్కువ కుంగుతుంది, ముందు చక్రం తేలికై అటూ ఇటూ పోతుంది. సీటు ముందు అంచుకు జరిగి, మోచేతులు వంచి, ఛాతీని హ్యాండిల్ వైపు దించండి.

దిగేటప్పుడు బ్రేకు పట్టగానే బరువు ముందుకు వచ్చి ఫోర్కు మునుగుతుంది. దానికి భయపడి చాలామంది సీటు వెనక్కి వేలాడతారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అలవాటు ఇది. ముందు చక్రం మీద బరువు లేకపోతే రాళ్ల మీద పట్టు ఉండదు, మలుపు తిరగదు. ఎంత మంచి ఫోర్కయినా తన మీద బరువు పడితేనే పనిచేస్తుంది. పెడళ్లు సమంగా ఉంచి, బరువు పాదాల మీద వేసి, మోకాళ్లు, మోచేతులు వదులుగా పెట్టండి.

బరువైన మనిషి ఫోర్కులో, షాక్‌లో గాలి పెంచుకున్నప్పుడు రీబౌండ్‌ను, అంటే కుంగిన సస్పెన్షన్ తిరిగి సాగే వేగాన్ని, కూడా నెమ్మది చేసుకోవాలి, లేకపోతే చక్రం ఎగదన్నుతుంది. ఉదయం 25 డిగ్రీల చల్లదనంలో కొట్టిన గాలి ఒత్తిడి 42 డిగ్రీల ఎండలో సుమారు 6 శాతం పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి.

సైకిళ్లు బయట ఉన్నాయి. సంచుల్లో నీళ్లు నింపుకొని, తగిలించుకొనే రండి. ఒకరు సైకిల్ పట్టుకుంటే మరొకరి సాగ్ కొలుద్దాం. ముందు ఫోర్కుతో మొదలుపెడదాం.