రిపోర్ట్ వచ్చేదాకా

శ్రోతలందరికీ నమస్కారం.

బిడ్డకి జ్వరం వస్తే ఏం చెయ్యాలో మనకి తెలుసు. ఒళ్ళు తుడుస్తాం, మందు పోస్తాం, తగ్గకపోతే భుజాన వేసుకుని డాక్టర్ దగ్గరికి పరిగెత్తుతాం. చేతులకి ఏదో ఒక పని ఉంటుంది. అదే డాక్టర్ రక్తం తీయించో, స్కాన్ రాసో, ఒంట్లోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపించో "రిపోర్ట్ రానివ్వండమ్మా, చూద్దాం" అన్నారనుకోండి, ఆ నిమిషం నుంచి చేతులకి పని ఉండదు, మనసు మాత్రం ఒక్క క్షణం ఊరుకోదు. జబ్బు పేరు ఇంకా తెలియని ఆ రోజుల గురించే ఇవాళ నాకిచ్చిన ఈ కాసేపూ మాట్లాడతాను.

మా అన్న వాళ్ళది కొండపి దగ్గర పల్లె. పొగాకు వేస్తాడు, మంట పెట్టి ఆకు ఆరబెట్టే సొంత బ్యారన్ ఉంది. ఆయన కూతురికి అప్పుడు ఏడేళ్ళు. ఒకరోజు పొద్దున్నే బడికి జడలు వేస్తుంటే మా వదిన వేలికి పాప మెడ పక్కన గడ్డ తగిలింది. శనగగింజంత ఉంది. నొప్పి లేదు, ఎరుపు లేదు. ఊళ్ళో చూపిస్తే గొంతు నొప్పికి వచ్చిన బిళ్ళ అని మందులిచ్చారు. తగ్గలేదు, పైగా కొంచెం పెరిగింది, పక్కన ఇంకోటి తేలింది. అప్పుడు ఒంగోలు తీసుకొచ్చారు, మా ఇంట్లోనే దిగారు. పిల్లల డాక్టర్ చూసి ఛాతీకి ఎక్స్‌రే, మెడకి స్కానింగ్, చేతి మీద టీబీ సూది, ఆ తర్వాత గడ్డలోకి సన్న సూది పెట్టి తీసే పరీక్ష, అన్నీ చేయించారు. సూది పరీక్షలో ఏమీ తేలలేదు. అంటే జబ్బు లేదని అర్థం కాదు, సూదికి వచ్చిన ఆ కాస్త పదార్థంతో ఏదీ చెప్పలేమని. "చిన్న ఆపరేషన్ చేసి గడ్డ తీసి బయాప్సీకి పంపుదాం. టీబీ కావచ్చు, ఇంకేమైనా కావచ్చు" అన్నారు డాక్టర్.

మా వదినకి టీబీ అన్న మాట వినపడనే లేదు. "ఇంకేమైనా" ఒక్కటే వినపడింది. ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ పాపని ఒళ్ళో పెట్టుకుని బయటికే చూస్తూ కూర్చుంది, ఇంటికొచ్చాక స్టవ్ దగ్గర నిలబడి నన్ను చాలా మెల్లగా అడిగింది, "ఇంకేమైనా అంటే ఏంటొదినా?" అని. ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట ఇద్దరం అనలేదు.

గడ్డ తీశారు, పరీక్షకి పంపారు. మా అన్నకి అక్కడ ఉండే వీల్లేదు, ఎందుకంటే అప్పుడు బ్యారన్లు కాలే రోజులు. పొగాకు సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఆకు కోసి కర్రలకి కట్టి బ్యారన్ నింపాక మంట ఆపడానికి ఉండదు. మొదట ఆకు పసుపు రంగుకి తిరగాలి, తర్వాత ఎండాలి, చివరికి ఈనె కూడా ఎండాలి, దానికి తగ్గట్టు వేడి మెల్లమెల్లగా పెంచుకుంటూ పోవాలి. దాదాపు వారం పడుతుంది. అర్ధరాత్రి లేచి థర్మామీటర్ చూడాలి, కట్టెలు వెయ్యాలి. ఆ మంట దగ్గర నుంచి రోజూ రాత్రి నాకు ఫోన్ చేసేవాడు. "అమ్మాయ్, ఏమన్నా తెలిసిందా?" "లేదన్నా." "ఎప్పుడు తెలుస్తుందన్నారు?" "చెప్పలేదన్నా." ఒకరోజు ఉన్నట్టుండి గట్టిగా అన్నాడు, "బ్యారన్ నింపితే ఏ రోజు దించాలో నాకు తెలుసు. దీనికి ఒక రోజంటూ ఎవరూ చెప్పరేం?"

ఆ ఒక్క ప్రశ్న కోసమే ఈ ప్రసంగం చెయ్యడానికి ఒప్పుకున్నాను.

మర్నాడు నేనే ఆసుపత్రికి వెళ్ళి అడిగాను. కౌంటర్‌లో వాళ్ళు ల్యాబ్‌లో అడగమన్నారు, ల్యాబ్ వాళ్ళు డాక్టర్‌నే అడగమన్నారు, డాక్టర్ గారు ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నారు. ఎవరూ కసురుకోలేదు, అందరూ మర్యాదగానే మాట్లాడారు, కానీ ఎవరి దగ్గరా జవాబు లేదు. చివరికి ఒక నర్సమ్మ పక్కకి పిలిచి కూర్చోబెట్టి చెప్పింది. మామూలుగా అయితే వారం లోపు వస్తుంది, అదనపు పరీక్షలు కావాలంటే ఇంకొన్ని రోజులు పడుతుంది అని. అంతే. ఆ రెండు ముక్కలు చెప్తే మా వదిన ఆ రాత్రి అన్నం తింది. జబ్బేంటో తెలిసి కాదు, ఏ రోజుదాకా ఎదురుచూడాలో తెలిసి.

ఎందుకు ఆలస్యమవుతుందో కూడా తెలిస్తే కొంత భయం తగ్గుతుంది కాబట్టి అది చెప్తాను. తీసిన ముక్కని ఫార్మలిన్ అనే మందులో వేస్తారు, అది లోపలిదాకా ఇంకాలి. తర్వాత అందులో నీరంతా పోయేట్టు చేసి, మైనం లోపలికి ఎక్కించి, మైనపు దిమ్మగా చేస్తారు. ఆ దిమ్మని వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేనంత పల్చటి పొరలుగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగు ఎక్కించి, అప్పుడు డాక్టర్ మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఇందులో ఏ పనీ తొందరపెడితే జరిగేది కాదు. అనుమానం తీరకపోతే ఇంకో రకం రంగులు వేసి మళ్ళీ చూస్తారు. ముక్కని చెన్నైకో హైదరాబాద్‌కో పంపితే ఆ ప్రయాణం అదనం. టీబీ క్రిముల్ని పెంచి చూసే కల్చర్ అయితే ఏమీ లేదని చెప్పడానికి ఆరు వారాలు కూడా ఆగుతారు. కాబట్టి రిపోర్ట్ ఆలస్యమైందంటే అందులో ఏదో చెడ్డ సంగతి ఉందని కాదు. ఈ మాట ఇంకోసారి చెప్తాను, ఎందుకంటే అర్ధరాత్రి పూట అందరం సరిగ్గా ఇదే అనుకుంటాం. ఆలస్యమైందంటే చెడ్డదని కాదు.

ఇంట్లో పెద్దవాళ్ళు ఇలా కొట్టుకుపోతుంటే ఆ పిల్ల ఏం చేస్తోందో చూసినవాళ్ళు లేరు. మేము గదిలో గుసగుసగా మాట్లాడుకుంటే ఆడుకుంటోందిలే అనుకున్నాం. ఒక సాయంత్రం నా పక్కన పడుకుని మెడకున్న కట్టు తడుముకుంటూ అడిగింది, "అత్తా, నాకు మాటలు పోతాయా?" అని. ఎందుకమ్మా అంటే, గొంతులో గడ్డ తీసేశారు కదా, మాటలు గొంతులోంచే కదా వచ్చేది అంది. ఆ పిల్ల ఆపరేషన్ అయినప్పటి నుంచి చాలా తక్కువ మాట్లాడుతోంది. నీరసం అనుకున్నాం మేమంతా. మాటలు అయిపోతాయని దాచుకుంటోందట! నాకు ఏడుపు ఆగలేదు, అయినా తమాయించుకుని, తీసింది గొంతులోది కాదు, చర్మం కింద ఉండే చిన్న బిళ్ళ, అలాంటివి ఒంట్లో చాలా ఉంటాయి, నీ మాటలు ఎక్కడికీ పోవు అని చెప్పాను. ఆ రాత్రి నిద్రపోయేదాకా వాగుతూనే ఉంది.

మన భయం వేరు, పిల్లల భయం వేరు. మనం చెప్పకపోతే వాళ్ళు తమకి తోచింది అల్లుకుంటారు, అది అసలు సంగతి కంటే భయంకరంగా ఉండొచ్చు. అన్నీ చెప్పమని నేను అనను. "గడ్డ ఎందుకొచ్చిందో డాక్టర్లు చూస్తున్నారు, నీ తప్పేం లేదు, మేము నీతోనే ఉంటాం" అంటే చాలు. ఏడేళ్ళ పిల్లకి ఇది అర్థమవుతుంది.

తప్పు అన్నాను కదా, ఆ రోజుల్లో మా వదినని అడిగినవాళ్ళు తక్కువ మంది కాదు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశావా, పాలు ఎన్నాళ్ళిచ్చావు, చల్లనివి పెట్టావా. వచ్చినవాళ్ళు ప్రేమతోనే వస్తారు, కానీ ఈ ప్రశ్నలు తల్లి గుండెలో అలాగే ఉండిపోతాయి. దయచేసి అడగకండి. దేవుడికి మొక్కుకోవడం వేరే విషయం, దాన్ని నేను ఒక్క మాట కూడా అనను. మా వదిన మాలకొండ నరసింహస్వామికి మొక్కుకుంది. ఆ గుడి శనివారం మాత్రమే తెరుస్తారు కదా, శనివారం కోసం ఎదురుచూడటం కూడా ఆమెకి ఒక ఆసరా అయింది, ఎందుకంటే అది ఖచ్చితంగా వచ్చే రోజు. నెల్లూరులో మొహర్రం అప్పుడు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె పట్టుకునే తల్లుల ముఖాలు చూసినా నాకు అదే కనిపిస్తుంది. ఏ మతమైతేనేం, చెయ్యడానికి ఏదో ఒకటి కావాలి. మొక్కు మొక్కే, మందు మందే, రెండూ చేసుకోవచ్చు.

ఇక రిపోర్ట్ వచ్చిన రోజు. అది ల్యాబ్ నుంచి సరాసరి మా అన్న ఫోన్‌కే వచ్చింది, వాట్సాప్‌లో, రాత్రి పూట. ఇంగ్లీషులో ఉంది. గ్రాన్యులోమా, కేసియస్ నెక్రోసిస్ అని ఏవో మాటలు. బ్యారన్ దగ్గరున్న కుర్రాడు ఫోన్‌లో వెతికి నెక్రోసిస్ అంటే కణాలు చచ్చిపోవడం అని చెప్పాడు. మా అన్న ఆ రాత్రి ఎలా గడిపాడో నాకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. తెల్లవారి డాక్టర్ ఆ కాగితం చూసి చెప్పారు, ఇది టీబీయే, మెడ బిళ్ళలకి వచ్చే టీబీ, ఆరు నెలలు మందులు వాడితే తగ్గిపోతుంది, మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, ఊపిరితిత్తుల్లో లేదు కాబట్టి పాప నుంచి ఎవరికీ అంటుకోదు అని. అయినా ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉందేమో చూపించమన్నారు, పిల్లలకి టీబీ ఎక్కువగా పెద్దవాళ్ళ నుంచే వస్తుంది కాబట్టి. మూత్రం ఎర్రగా వస్తుంది, అది మందు రంగు, కంగారు పడొద్దు అని కూడా ముందే చెప్పారు. ముందే చెప్పారు కాబట్టి మర్నాడు అలా వస్తే ఎవరూ బెదరలేదు. పాప ఆరు నెలలూ మందులు వాడింది, ఇప్పుడు బాగుంది.

అందరికీ ఇలాగే జరుగుతుందని నేను చెప్పలేను, చెప్పకూడదు. కొందరికి ఆ భయపడిన మాటే వస్తుంది. పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్లలో చాలావాటికి ఈ రోజు మంచి వైద్యం ఉంది, నయమవుతున్న పిల్లలు ఎంతోమంది ఉన్నారు, అది వింటున్నవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. కొన్నిసార్లు అసలేమీ ఉండదు కూడా. బడికి వచ్చిన డాక్టర్లు పిల్లాడి గుండెలో శబ్దం ఉందని చీటీ రాసిస్తే, ఎకో అనే గుండె స్కాన్ తీసేదాకా ఇల్లంతా తలకిందులవుతుంది. పిల్లల్లో వినపడే అలాంటి శబ్దాల్లో చాలావాటికి జబ్బేమీ ఉండదు. అలాగని ఎకో మానకూడదు, తీయించాల్సిందే.

సమయం అయిపోతోంది, కాబట్టి ఒక్క పని చెప్తాను. పరీక్షకి ఇచ్చి బయటికి వచ్చే ముందే, డాక్టర్ ఎదురుగా ఉన్నప్పుడే అడగండి. రిపోర్ట్ ఎప్పుడు వస్తుంది, ఎవరు చెప్తారు. ఎప్పుడు వస్తుంది, ఎవరు చెప్తారు. అంతకంటే ఆలస్యమైతే ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలి, ఈలోపు బిడ్డకి ఏం జరిగితే ఆగకుండా పరిగెత్తుకు రావాలి అన్నది కూడా అందులోనే అడిగి, ఓపీ చీటీ వెనక రాయించుకోండి. చదువు రాలేదని మొహమాటపడకండి, వాళ్ళనే రాయమనండి. ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో బస్సెక్కి వచ్చిన మనిషికి "రేపు కనుక్కోండి" అంటే ఒక రోజు కూలి పోతుంది, ఛార్జీలు పోతాయి, ఇది ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళు కూడా ఆలోచించాలని నా మనవి. రిపోర్ట్ ఫోన్‌కి వస్తే డాక్టర్ దగ్గరే తెరుద్దాం అని ఇంట్లో ముందే మాట అనుకోండి. అలా ఉండటం కష్టమే, నాకు తెలుసు. కనీసం రాత్రి పూట ఒంటరిగా కూర్చుని ఆ మాటల్ని ఫోన్‌లో వెతకొద్దు.

నిద్ర పట్టక, గుండె దడగా ఉండి, ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416 అని ఒక ప్రభుత్వ నంబరు ఉంది, టెలీ మానస్ అంటారు. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. పిచ్చివాళ్ళకే అనుకోకండి, ఇలాంటి టెన్షన్‌లో ఉన్న అమ్మానాన్నలకి కూడా అది పనికొస్తుంది.

పక్కింట్లో ఎవరైనా ఇలా ఎదురుచూస్తుంటే రోజూ వెళ్ళి "రిపోర్ట్ వచ్చిందా" అని అడగకండి, వస్తే వాళ్ళే చెప్తారు. వాళ్ళ పనిలో ఏదో ఒకటి మీరు అందుకోండి. గేదెకి మేత వెయ్యండి, రెండో పిల్లాణ్ణి బడికి దించండి. మా అన్న ఆ రాత్రి రిపోర్ట్ పట్టుకుని ఒంగోలు బయల్దేరితే, బ్యారన్ సగం కాలి ఉంది, మంట వదిలేసి వచ్చే పరిస్థితి కాదు. గట్టు తగాదా ఉండి రెండేళ్ళుగా మాటల్లేని పక్క చేని రైతు విషయం విని తనే వచ్చి, "నువ్వు పోరా, ఆకు నేను చూసుకుంటా" అన్నాడట. ఆ బ్యారన్ దించేదాకా అతనే కాపలా కాశాడు. ఆకు బాగా పండింది, మంచి రేటే వచ్చింది.

సెలవు. నమస్కారం.